జన్యు మార్పిడి పంటల జీవ భద్రతా నియంత్రణ, ఆహార భద్రత: బీటీ పత్తి అనుభవం నేర్పే పాఠాలు

సారాంశం

జన్యు మార్పిడి పంటలకు అనుమతి ఇచ్చే ముందు జరపవలసిన జీవ భద్రతా పరీక్షలను మన దేశ చట్టాలు వివరంగానే నిర్దేశించాయి. అనుమతి పొందిన పంట రైతు పొలానికి చేరిన తరువాత దానిని కనిపెట్టి ఉండే ఏర్పాటు మాత్రం అంత బలంగా లేదు. 2002లో వాణిజ్య సాగుకు అనుమతి పొందిన బీటీ పత్తిలో గులాబీ రంగు పురుగు నిరోధక శక్తిని సంతరించుకోవడం, అనుమతి లేని కలుపు మందు తట్టుకునే పత్తి విత్తనం గ్రామాలకు చేరడం ఈ లోపానికి రెండు నిదర్శనాలు. ఆహార పంటలలో జన్యు మార్పిడి, జన్యు సవరణ పద్ధతులు ప్రవేశించనున్న తరుణంలో, అనుమతి అనంతర పర్యవేక్షణను జీవ భద్రతలో అంతర్భాగంగా పరిగణించవలసిన అవసరాన్ని, అందులో విస్తరణ శాస్త్రవేత్తల పాత్రను ఈ వ్యాసం చర్చిస్తుంది.

ముఖ్య పదాలు: జీవ భద్రత, జన్యు మార్పిడి పంటలు, బీటీ పత్తి, ఆశ్రయ పంట, గులాబీ రంగు పురుగు, జన్యు సవరణ, ఆహార భద్రత

ఉపోద్ఘాతం

1996లో రోమ్ నగరంలో జరిగిన ప్రపంచ ఆహార సదస్సు ఇచ్చిన నిర్వచనాన్ని అనుసరించి ఆహార భద్రతకు నాలుగు మూలస్తంభాలను గుర్తిస్తారు. అవి ఆహార లభ్యత, దానిని పొందగలిగే స్థోమత, శరీరానికి ఉపయోగపడే సురక్షితమైన పోషణ, ఈ మూడింటి స్థిరత్వం. జన్యు మార్పిడి పంటలపై జరిగే చర్చ సాధారణంగా మొదటి, మూడవ అంశాల చుట్టూ తిరుగుతుంది. దిగుబడి పెరుగుతుందా అన్నది ఒక పక్షం ప్రశ్న కాగా, తినడానికి సురక్షితమా అన్నది మరొక పక్షం ప్రశ్న. నాలుగవదైన స్థిరత్వం గురించి అడిగేవారు తక్కువ. ఒక సాంకేతికత పదేళ్లు మేలు చేసి ఆ తరువాత విఫలమైతే, దానిపై ఆధారపడి సాగు పద్ధతులను, పెట్టుబడులను మార్చుకున్న రైతు మునుపటికంటే ఎక్కువ నష్టపోతాడు. కనుక సాంకేతికత ఎంతకాలం నిలుస్తుందన్నది కూడా జీవ భద్రతకు, ఆహార భద్రతకు సంబంధించిన ప్రశ్నే.

పత్తి ఆహార పంట కాదన్న అభిప్రాయం పూర్తిగా సరికాదు. పత్తి గింజల నూనె వంటనూనెలలో కలుస్తుంది. పత్తి గింజల చెక్క పాడి పశువులకు దాణాగా చేరుతుంది. దేశంలో పత్తి విస్తీర్ణంలో 90 శాతానికి పైగా బీటీ సంకరాలే ఉన్నందున, మన ఆహార గొలుసులో జన్యు మార్పిడి పంటల ఉత్పత్తులు రెండు దశాబ్దాలుగా ఉన్నట్లే. ఆ కారణంగా రానున్న ఆహార పంటల విషయంలో తీసుకోవలసిన జాగ్రత్తలను బీటీ పత్తి అనుభవం నుండి నేర్చుకోవడం సముచితం.

చట్టబద్ధమైన నియంత్రణ వ్యవస్థ

పర్యావరణ పరిరక్షణ చట్టం, 1986 కింద 1989 డిసెంబరులో ప్రకటించిన నియమావళి ఈ వ్యవస్థకు పునాది. దీని ప్రకారం ఆరు సంఘాలు పనిచేయాలి. రీకాంబినెంట్ డీఎన్ఏ సలహా సంఘం విధానపరమైన సలహాలు ఇస్తుంది. పరిశోధన జరిగే ప్రతి సంస్థలోను సంస్థాగత జీవ భద్రతా సంఘం ఉంటుంది. జీవ సాంకేతిక శాఖ పరిధిలోని జన్యు మార్పిడి సమీక్షా సంఘం (ఆర్‌సీజీఎం) ప్రయోగశాల, తొలి దశ పరిశోధనలను పరిశీలిస్తుంది. పర్యావరణ మంత్రిత్వ శాఖ పరిధిలోని జన్యు ఇంజనీరింగ్ మదింపు సంఘం (జీఈఏసీ) పర్యావరణంలోకి విడుదలకు సిఫారసు చేస్తుంది. ఇది 2010 వరకు ‘ఆమోద సంఘం’గా ఉండి, ఆ సంవత్సరం ‘మదింపు సంఘం’గా పేరు మార్చుకుంది. మిగిలిన రెండు రాష్ట్ర జీవ సాంకేతిక సమన్వయ సంఘం, జిల్లా కలెక్టరు అధ్యక్షతన పనిచేయవలసిన జిల్లా స్థాయి సంఘం.

ఈ చట్రానికి మరికొన్ని చట్టాలు తోడయ్యాయి. విత్తనాల చట్టం, 1966 విత్తన నాణ్యతను, మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం, 2001 రకాలపై హక్కులను నిర్దేశిస్తాయి. ఆహార భద్రత, ప్రమాణాల చట్టం, 2006లోని 22వ సెక్షన్ జన్యు మార్పిడి ఆహారాన్ని తన పరిధిలోకి తెచ్చింది. జన్యు మార్పిడి జీవుల సరిహద్దు రవాణాకు సంబంధించిన కార్టజీనా ఒప్పందం 2000లో ఆమోదం పొంది 2003 సెప్టెంబరులో అమలులోకి వచ్చింది. భారతదేశం ఇందులో భాగస్వామి. ఈ రంగానికంతటికీ ఒకే స్వతంత్ర ప్రాధికార సంస్థను ఏర్పరచే బిల్లు 2013లో లోక్‌సభలో ప్రవేశపెట్టబడినప్పటికీ, మరుసటి ఏడు సభ కాలపరిమితి ముగియడంతో మురిగిపోయింది.

అనుమతికి ముందు జరిగే పరీక్షలు

ప్రయోగశాలలో రూపొందిన అనేక మార్పిడి మొక్కలలో ఒకదానిని ఎంచుకోవడంతో పరీక్షల క్రమం మొదలవుతుంది. చేర్చిన జన్యువు ఎక్కడ కుదురుకుంది, ఎన్ని ప్రతులుగా ఉంది, తరతరాలకు స్థిరంగా సంక్రమిస్తున్నదా అన్నవి మొదట తేల్చాలి. తరువాత క్షేత్ర పరీక్షలు మొదటి స్థాయిలో రెండు పంట కాలాలు, రెండవ స్థాయిలో ఒక పంట కాలం జరగాలి. పుప్పొడి వ్యాప్తి, కలుపు మొక్కగా మారే స్వభావం, వన్య బంధువులతో సంకరం, మిత్ర పురుగులపై, నేలలోని సూక్ష్మజీవులపై ప్రభావం ఈ దశలో పరిశీలిస్తారు.

ఆహార సంబంధమైన పరీక్షలలో కొత్త ప్రోటీన్ విషపూరితమా, ఎలర్జీ కలిగించేదా, జీర్ణరసాలలో ఎంత త్వరగా విచ్ఛిన్నమవుతుంది అన్నవి ముఖ్యం. పోషక విలువలను మామూలు రకంతో పోల్చి ‘సారూప్యత’ను నిర్ధారిస్తారు. ఎలుకలకు 90 రోజులు తినిపించి పరిశీలించడం కూడా ఇందులో ఒకటి. ఈ పరీక్షల సమాచారాన్ని దరఖాస్తుదారు సంస్థే సమకూర్చడం, స్వతంత్ర ప్రయోగశాలల కొరత ప్రధానమైన విమర్శలు. ఈ విమర్శలు ఎలా ఉన్నా, విడుదలకు ముందు దశకు నిర్దిష్టమైన పరీక్షల జాబితా, బాధ్యత వహించే సంఘం, కాలపరిమితి ఉన్నాయి. విడుదల తరువాతి దశకు అటువంటి స్పష్టత లేకపోవడమే అసలు సమస్య.

బీటీ పత్తి: అనుమతి తరువాతి కథ

2002 మార్చి 26న మూడు బీటీ పత్తి సంకరాలకు జీఈఏసీ అనుమతి లభించింది. నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అనుమతి పొందిన రాష్ట్రాలలో ఒకటి. వీటిలో క్రై1ఏసీ అనే ఒకే జన్యువు ఉండగా, 2006లో క్రై2ఏబీని కూడా చేర్చిన బీజీ-2 వచ్చింది. 1990వ దశకంలో శనగపచ్చ పురుగు ఉధృతి వల్ల పదేపదే మందులు చల్లి అప్పుల పాలైన పత్తి రైతులకు ఇది పెద్ద ఊరట. దేశ సగటు దూది దిగుబడి 2001-02లో హెక్టారుకు సుమారు 300 కిలోలు ఉండగా 2007-08 నాటికి 550 కిలోలు దాటింది. ఈ పెరుగుదలలో కొత్త సంకరాలు, నీటి వసతి, ఎరువుల వాడకం, కొత్త పురుగు మందుల పాత్ర కూడా ఉంది. తరువాతి కాలంలో సగటు దిగుబడి తిరిగి తగ్గి 450 కిలోల దరిదాపులకు చేరింది.

అనుమతితో పాటు విధించిన ముఖ్యమైన షరతు ఆశ్రయ పంట. బీటీ పత్తి చుట్టూ విస్తీర్ణంలో 20 శాతం లేదా ఐదు వరుసలు, వీటిలో ఏది ఎక్కువైతే అంత మేర బీటీ కాని పత్తి వేయాలి. ఇందుకోసం 450 గ్రాముల బీటీ విత్తనంతో పాటు 120 గ్రాముల బీటీయేతర విత్తనాన్ని వేరే సంచిలో ఇచ్చేవారు.

ఈ షరతు వెనుక ఉన్న శాస్త్రం సరళమైనది. పురుగులో నిరోధక శక్తినిచ్చే జన్యువు సాధారణంగా అంతర్గతం. రెండు ప్రతులూ ఉన్న పురుగే బీటీ విషాన్ని తట్టుకుంటుంది. బీటీ పత్తిలో బతికి బయటపడిన కొద్దిపాటి నిరోధక పురుగులు, ఆశ్రయ పంటలో పెరిగిన అనేక మామూలు పురుగులతో జతకడితే, సంతానానికి ఒక ప్రతి మాత్రమే సంక్రమిస్తుంది. ఆ సంతానం బీటీ పత్తిపై చనిపోతుంది. ఆశ్రయ పంట లేనిచోట నిరోధక పురుగులు తమలో తామే జతకట్టి, కొద్ది తరాలలోనే పొలమంతా విస్తరిస్తాయి.

శనగపచ్చ పురుగు కంది, టమాట, శనగ వంటి అనేక పంటలపై బతుకుతుంది కాబట్టి దానికి సహజమైన ఆశ్రయం దొరుకుతుంది. గులాబీ రంగు పురుగు దాదాపుగా పత్తిపైనే ఆధారపడుతుంది. అందువల్ల ఆశ్రయ పంట ఆవశ్యకత దీని విషయంలోనే ఎక్కువ. కానీ అమలు తీరు ఇందుకు విరుద్ధంగా సాగింది. భూమిలో అయిదో వంతును పురుగుకు వదలడానికి చిన్న కమతం గల రైతు ఇష్టపడలేదు. విడి సంచిలోని విత్తనం చాలాచోట్ల గట్టుమీదే మిగిలిపోయింది. దీనికి జరిమానా లేదు, తనిఖీ లేదు, నష్టపరిహారం కూడా లేదు. తరువాతి కాలంలో బీటీయేతర విత్తనాన్ని అదే సంచిలో కలిపి అమ్మే విధానానికి అనుమతించడం ఈ వైఫల్యాన్ని అంగీకరించినట్లే.

సంకర విత్తనాల ఎంపిక మరొక చిక్కును తెచ్చింది. ఇతర దేశాలలో బీటీ పత్తి ప్రధానంగా సూటి రకాలలో రాగా, మన దేశంలో సంకరాలలో వచ్చింది. సంకరంలో బీటీ జన్యువులు ఒక తల్లి లేదా తండ్రి నుండి మాత్రమే సంక్రమిస్తాయి. ఫలితంగా సంకర మొక్క కాయలోని గింజలలో జన్యువులు విడిపోతాయి. బీజీ-2 కాయలోని ప్రతి 16 గింజలలో సగటున తొమ్మిదింటిలో రెండు విషాలూ, మూడింటిలో క్రై1ఏసీ, మూడింటిలో క్రై2ఏబీ మాత్రమే ఉంటాయి. ఒక గింజలో ఏదీ ఉండదు. గులాబీ రంగు పురుగు తినేది ఈ గింజలనే. ఒకే కాయలో విషం ఉన్నవి, లేనివి, సగం ఉన్నవి కలిసి ఉండటం నిరోధక శక్తి పెరగడానికి అనువైన శిక్షణ స్థలంగా పనిచేసింది. దీనికి తోడు దీర్ఘకాలిక సంకరాలు, నీటి వసతి ఉన్నచోట ఫిబ్రవరి, మార్చి వరకు పంటను కొనసాగించడం, పత్తి మోళ్లను పొలంలోనే నిల్వ ఉంచడం పురుగుకు ఏడాది పొడవునా బతికే అవకాశమిచ్చాయి.

క్రై1ఏసీకి నిరోధక శక్తి గుజరాత్‌లో ఏర్పడిన సంగతి 2010లో వెల్లడైంది. 2014-15 తరువాత బీజీ-2పై కూడా ఈ పురుగు గుజరాత్, మహారాష్ట్ర, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రాలలో తీవ్ర నష్టం కలిగించింది.

ఇది సాంకేతికతకు అనివార్యమైన పరిణామం కాదని రెండు దేశాల అనుభవం చెబుతుంది. అమెరికాలోని అరిజోనాలో 1996 నుండి పదేళ్లపాటు ఆశ్రయ పంట నిబంధనను రైతులు శ్రద్ధగా పాటించారు. తరువాత సంతానోత్పత్తి శక్తి లేని రెక్కల పురుగులను విడుదల చేసి, ఇతర పద్ధతులతో కలిపి పోరాడారు. 2018లో అమెరికా పత్తి ప్రాంతాల నుండి గులాబీ రంగు పురుగు నిర్మూలన అయినట్లు ప్రకటించారు. చైనాలోని యాంగ్జీ లోయలో రైతులు రెండవ తరం సంకర విత్తనం వేయడంతో పొలంలో దాదాపు నాలుగో వంతు మొక్కలు బీటీ లేనివిగా వచ్చి, ఎవరూ ప్రత్యేకంగా వేయకుండానే ఆశ్రయ పంట ఏర్పడింది. అంతకుముందు పెరుగుతూ వచ్చిన నిరోధక శక్తి అక్కడ తగ్గుముఖం పట్టింది. జన్యువు అదే, పురుగు అదే. తేడా పొలంలో దానిని నిర్వహించిన తీరులో ఉంది.

అనుమతి లేని విత్తనం

నియంత్రణ వ్యవస్థకు రెండవ పరీక్ష అక్రమ విత్తనం. బీటీ పత్తికి అనుమతి రాకముందే, 2001లో గుజరాత్ పొలాలలో అనుమతి లేని బీటీ సంకరం సాగులో ఉన్నట్లు బయటపడింది. 2017లో కలుపు మందు గ్లైఫోసేట్‌ను తట్టుకునే పత్తి తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, మహారాష్ట్ర, గుజరాత్ రాష్ట్రాలలో వ్యాపించినట్లు వెల్లడై, కేంద్రం క్షేత్ర పరిశీలన సంఘాన్ని నియమించింది. గ్రామాలలో ‘బీజీ-3’గా చలామణి అయ్యే ఈ విత్తనానికి వాణిజ్య సాగు అనుమతి లేదు.

రైతు ఈ విత్తనం వైపు మొగ్గడానికి కారణం కలుపు తీత కూలీల ఖర్చు, అదనులో కూలీలు దొరకకపోవడం. వరుస వర్షాలలో గుంటక తోలే వీలు లేనప్పుడు కలుపు పంటను మించిపోతుంది. ఈ ఇబ్బంది వాస్తవమైనది. కానీ ఈ విత్తనం కొన్నవారికి బిల్లు ఉండదు, మొలక శాతానికి హామీ ఉండదు, పంట పోతే పరిహారం అడిగే ఆధారం ఉండదు. పక్క పొలంలోని కంది, పెసర, కూరగాయలపై కలుపు మందు తుంపరలు పడే ప్రమాదమూ ఉంది. 2018లో తెలుగు రాష్ట్రాలు రెండూ గ్లైఫోసేట్ వాడకంపై ఆంక్షలు విధించాయి. 2022 అక్టోబరులో కేంద్రం దీని వాడకాన్ని చీడపీడల నియంత్రణ నిర్వాహకులకే పరిమితం చేసింది. విత్తనాన్ని అరికట్టలేక మందును అరికట్టే ప్రయత్నం ఇది.

ఇక్కడ గమనించవలసిన వైచిత్రి ఉంది. పరీక్షలన్నీ దాటి వచ్చే పంటకు ఏళ్ల తరబడి నిరీక్షణ తప్పదు. ఏ పరీక్షా లేని విత్తనం ఒక్క సీజనులో జిల్లాలు దాటుతుంది. నిర్ణయంలో జాప్యం, క్షేత్రంలో అలసత్వం కలిస్తే క్రమబద్ధంగా పనిచేసేవారే నష్టపోతారు.

ఆహార పంటలు: వంగ, ఆవ

కాయ, కొమ్మ తొలుచు పురుగును తట్టుకునే బీటీ వంగకు 2009 అక్టోబరు 14న జీఈఏసీ సానుకూల సిఫారసు చేసింది. నాటి పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ హైదరాబాదుతో సహా ఏడు నగరాలలో ప్రజాభిప్రాయ సేకరణ జరిపి, 2010 ఫిబ్రవరి 9న తాత్కాలిక నిలుపుదల ప్రకటించారు. స్వతంత్ర పరీక్షలు చాలకపోవడం, శాస్త్రవేత్తలలో ఏకాభిప్రాయం లేకపోవడం, రాష్ట్రాల వ్యతిరేకత ఆయన చూపిన కారణాలలో ముఖ్యమైనవి. వంగ జాతి వైవిధ్యానికి మన దేశం నిలయం కావడం కూడా ఈ చర్చలో ప్రధానాంశం. బంగ్లాదేశ్ 2013లో నాలుగు బీటీ వంగ రకాలకు అనుమతినిచ్చి, 2014 ఆరంభంలో 20 మంది రైతులతో సాగు ప్రారంభించింది. అక్కడ పురుగు మందుల వాడకం తగ్గినట్లు అధ్యయనాలు తెలిపాయి. కొద్దిమందితో మొదలుపెట్టి క్రమంగా విస్తరించిన ఆ పద్ధతి పర్యవేక్షణకు వీలిచ్చింది.

ఢిల్లీ విశ్వవిద్యాలయం రూపొందించిన ఆవ సంకరం డీఎంహెచ్-11కు 2022 అక్టోబరులో పర్యావరణ విడుదల అనుమతి లభించింది. దేశానికి అవసరమైన వంటనూనెలో సగానికి పైగా దిగుమతుల ద్వారా వస్తున్నందున ఈ పంటను ఆహార భద్రతతో ముడిపెట్టారు. అనుమతిలోని షరతులు గమనార్హం. కలుపు మందును సంకర విత్తనోత్పత్తిలో మాత్రమే వాడాలి, రైతు పొలంలో వాడరాదు. తేనెటీగలపై ప్రభావాన్ని విడుదల తరువాత రెండేళ్లలోగా అధ్యయనం చేయాలి. పత్తిలో ఆశ్రయ పంట షరతు ఏమయిందో చూసినవారికి ఈ షరతులను ఎవరు, ఎలా అమలు చేస్తారన్న సందేహం సహజం. 2024 జులై 23న సుప్రీంకోర్టు ధర్మాసనంలోని ఇద్దరు న్యాయమూర్తులు ఈ అనుమతి చెల్లుబాటుపై భిన్నమైన తీర్పులిచ్చారు. జన్యు మార్పిడి పంటలపై జాతీయ విధానం రూపొందించాలన్న విషయంలో మాత్రం ఏకీభవించారు.

తెలుగు నేల వరి, జన్యు సవరణ

2022 మార్చి 30న కేంద్రం, బయటి జన్యువు చేర్చకుండా ఉన్న జన్యువులోనే చిన్న మార్పు చేసే జన్యు సవరణ మొక్కలను 1989 నియమావళిలోని 7 నుండి 11 వరకు గల నియమాల నుండి మినహాయించింది. తుది మొక్కలో పరాయి డీఎన్ఏ లేదని నిరూపించడం ఇందుకు షరతు. 2025 మే 4న ఈ పద్ధతిలో రూపొందిన రెండు వరి రకాలను ప్రకటించారు. రాజేంద్రనగర్‌లోని భారత వరి పరిశోధన సంస్థ రూపొందించిన డీఆర్ఆర్ ధాన్ 100 (కమల)కు మూలం బాపట్లలో పుట్టిన సాంబ మసూరి. పూసా డీఎస్టీ రైస్ 1కు మూలం మార్టేరులో పుట్టిన ఎంటీయూ 1010. మొదటిది సాంబ మసూరికంటే సుమారు 20 రోజులు ముందుగా కోతకు వస్తుందని, రెండవది చౌడును తట్టుకుంటుందని రూపకర్తలు తెలిపారు.

నియంత్రణ భారం తగ్గడం వల్ల ప్రభుత్వ రంగ సంస్థలకు మేలు జరుగుతుంది. అయితే అనుమతికి ముందు పరీక్షలు తగ్గిన కొద్దీ అనుమతి తరువాతి పరిశీలన ప్రాధాన్యం పెరుగుతుందే కాని తగ్గదు. కొత్త రకం వివిధ మండలాలలో చీడపీడలకు ఎలా స్పందిస్తున్నది, బియ్యం నాణ్యత మూల రకంతో సమానంగా ఉన్నదా, విత్తన స్వచ్ఛత నిలుస్తున్నదా అన్నవి పొలంలోనే తేలాలి.

విస్తరణ శాస్త్రవేత్తల పాత్ర

పై అనుభవాల ఆధారంగా కృషి విజ్ఞాన కేంద్రాలు, ఏరువాక కేంద్రాలు, వ్యవసాయ శాఖ సిబ్బంది చేపట్టదగిన కార్యక్రమాలు ఇవి:

1. ఆశ్రయ పంట ఉద్దేశాన్ని నిబంధనగా కాక పురుగు జీవశాస్త్రంగా వివరించాలి. నిరోధక పురుగు, మామూలు పురుగు జతకట్టడం వల్ల కలిగే ఫలితాన్ని బొమ్మల సాయంతో చూపితే రైతు త్వరగా గ్రహిస్తాడు.

2. పంట 45 రోజుల దశ నుండి లింగాకర్షక బుట్టలు అమర్చి, గుడ్డి పూలను ఏరి నాశనం చేయించాలి. వరుసగా మూడు రోజులు బుట్టకు రోజుకు 8 చొప్పున రెక్కల పురుగులు పడితే నివారణ చర్యలు అవసరమని తెలపాలి.

3. పంటను డిసెంబరు చివరికి, తప్పితే జనవరికి ముగించి, మోళ్లను తొలగించేలా గ్రామమంతటినీ ఒప్పించాలి. ఒక్క రైతు చేసే పని కాదిది. జిన్నింగ్ మిల్లుల ఆవరణలలో కూడా బుట్టలు ఉండాలి.

4. బీటీ పత్తిపై పురుగు కనిపించిన ప్రతి సందర్భాన్ని గ్రామం, సంకరం పేరు, విత్తిన తేదీతో నమోదు చేసి పరిశోధన కేంద్రానికి పంపాలి. నిరోధక శక్తిని ముందుగా పసిగట్టడానికి ఇదే ఆధారం.

5. అనుమానాస్పద విత్తనంపై రైతును దోషిగా చూడక, బిల్లు, లాట్ నంబరు ప్రాముఖ్యాన్ని సీజనుకు ముందే రైతు సేవా కేంద్రాలలో, రైతు వేదికలలో తెలియజేయాలి. కలుపు నివారణకు అనుమతి గల మందులు, యంత్రాల ప్రత్యామ్నాయాన్ని చూపకుండా హెచ్చరిక ఒక్కటే పనిచేయదు.

6. జిల్లా స్థాయి సంఘం సమావేశాలు క్రమం తప్పక జరిగేలా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు చొరవ చూపాలి. పొలంలో కనిపించిన సమస్య నియంత్రణ సంఘానికి చేరే చట్టబద్ధమైన మార్గాలలో అదొకటి.

ముగింపు

జీవ భద్రతను అనుమతి పత్రంతో ముగిసే ప్రక్రియగా చూసినంతకాలం ఆహార భద్రతకు దానివల్ల కలిగే మేలు పరిమితంగానే ఉంటుంది. బీటీ పత్తి విషయంలో ప్రయోగశాల పరీక్షలు ముందుగా ఊహించిన ప్రమాదాలకంటే, ఊహించి కూడా పొలంలో అమలు చేయని జాగ్రత్త వల్లనే రైతు ఎక్కువగా నష్టపోయాడు. రాబోయే జాతీయ విధానంలో ప్రతి అనుమతితో పాటు అనుమతి అనంతర పర్యవేక్షణ ప్రణాళిక, దానికి నిధులు, బాధ్యత వహించే అధికారి, నిర్ణీత కాలంలో పునఃసమీక్ష తప్పనిసరి చేయాలి. షరతు పాటించినందుకు రైతు పోగొట్టుకునే దిగుబడికి పరిహారం కూడా అందులో భాగం కావాలి. అప్పుడే కొత్త పంట తొలి సీజనులో ఇచ్చిన మేలు ఇరవయ్యవ సీజనులోనూ నిలుస్తుంది.